పల్లె ముచ్చట – 14: ఒకటో తేదీన గడప దాకా వచ్చిన ప్రభుత్వం రెండో తేదీన ఎటు పోయింది?



పోయిన భాగంలో పింఛను గురించి, వేలిముద్రలు పడక మన ముసలోళ్లు పడే అవస్థ గురించి రాశాను. దాని కింద ఒక తమ్ముడు కామెంటు పెట్టాడు. మర్యాదగానే పెట్టాడు. "అన్నా, ముసలితనం అందరికీ ఒకటే కదా. మోకాళ్ల నొప్పులకి కూడా కులం ఉంటుందా?" అని.

ఆ తమ్ముడికి అక్కడే రెండు ముక్కల్లో జవాబు రాయబోయాను. చెయ్యి ఆడలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నకి జవాబు మా అమ్మ. అమ్మ గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు. ఈసారి రాస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

మాది కనిగిరి వైపు మెట్ట పల్లె. మా అమ్మ ఎప్పుడు పుట్టిందో ఆమెకి తెలియదు. "సాగర్ డ్యాం కట్టే రోజుల్లో" అనేది. ఆధార్ తీసే రోజున కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లోడు ఆమె మొహం చూసి ఒక ఏడు వేశాడు, దానికి ముందు జనవరి 1 తగిలించాడు. మన పల్లెల్లో ముసలోళ్ల ఆధార్ కార్డులు తీసి చూడండి. సగం మంది జనవరి 1నే పుట్టి ఉంటారు. ఆ పిల్లోడు వేసిన ఏడును బట్టే మా అమ్మకి పింఛను ఎప్పుడు రావాలో తేలింది.

పదేళ్ల వయసు నుంచి పని చేసింది. పొగాకు ఆకు కర్రలకి కట్టింది, బ్యారన్‌ల దగ్గర మోసింది, గ్రేడింగులో రోజంతా గొంతుకూర్చుని ఆకు ఏరింది. కంది కోసింది, మిరపకాయలు ఏరింది. కరువు పనుల్లో మట్టి మోసింది. యాభై దాటేసరికే నడుం వంగిపోయింది. ఊళ్లో ఆమె ఈడు రెడ్డి గారి ఇల్లాలు నిటారుగా నడిచేది. ఇద్దరూ ఒకే ఊరి మనుషులే, తాగింది మాత్రం ఒకే నీళ్లు కాదు.

నీళ్ల మాట ఎందుకంటే, మాది ఫ్లోరైడు దేశం. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించి వైద్య పత్రికకి ఎక్కించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. ఎద్దులకి కూడా కాళ్లు పట్టేసి నాగలి లాగలేకపోయేవని మా పెద్దలు చెప్పుకునేవాళ్లు. ఎముకల్లోకి దిగిన ఫ్లోరైడుకి మందు లేదు. మంచి నీళ్లివ్వడం ఒక్కటే దారి. అంటే ముసలితనంలో నడుం వంగకుండా ఉండాలంటే వాళ్లు పిల్లలుగా ఉన్నప్పుడే కుళాయి రావాలి. మా ఊరికి ముందు వచ్చింది, పల్లెకి ఎంతో ఆలస్యంగా వచ్చింది. తర్వాత కూడా క్యాన్ నీళ్లు కొనుక్కోగలిగిన ఇల్లు క్యాను కొనుక్కుంది, కొనలేనిది బోరు కొట్టుకుంది.

తమ్ముడూ, మోకాలి నొప్పికి కులం ఉండదు. మోకాలికి ఉంటుంది. అది ఎన్నేళ్లు ఎవరి పొలంలో వంగింది, ఏ నీళ్లు తాగింది, ఏం తిని పెరిగింది అన్నదాంట్లో ఉంటుంది.

ఆ రాత్రి

2024 జూలై 1న మా అమ్మ చేతిలో ఏడు వేలు పెట్టారు. పెంచిన పింఛను నాలుగు వేలు, వెనకటి మూడు నెలల పెంపు మూడు వేలు. సచివాలయం నుంచి ఒకమ్మాయి పొద్దున్నే ఇంటికొచ్చి, వేలిముద్ర పడకపోతే తడి గుడ్డతో వేలు తుడిచి, మళ్లీ పెట్టించి మరీ ఇచ్చి వెళ్లింది. అమ్మ ఆ రోజంతా అదే మాట. "నా పేరు పెట్టి పిలిచింది రా" అంది. ఆ డబ్బుల్లో కొంత ఆర్ఎంపీ డాక్టరు బాకీకి పోయింది, కొంత మా అక్క కొడుకు ఫీజుకి పోయింది. ఆ గౌరవం మాత్రం అమ్మ దగ్గరే ఉండిపోయింది. పింఛను విలువ నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఎప్పుడైనా తగువు పెట్టుకుంటాను.

నెల తిరిగింది. ఆగస్టు 1. పొద్దున మళ్లీ నాలుగు వేలు వచ్చాయి. అదే రోజు సుప్రీం కోర్టు ఏడుగురు జడ్జిల ధర్మాసనం వర్గీకరణ మీద తీర్పు ఇచ్చింది. మాల సోదరులకి దాని మీద వేరే అభిప్రాయం ఉంది, ఆ చర్చ ఇక్కడ కాదు. నేను ఆ రోజు ఒంగోలులో ఉన్నాను. డప్పులు, రంగులు, మిఠాయిలు. ముప్పై ఏళ్ల పోరాటం మరి. రాత్రి అక్కడే ఉండిపోయాను.

తెల్లవారుజామున మూడింటికి ఫోను. అమ్మ పడిపోయింది.

మా మరుగుదొడ్డి ఇంటి బయట, సందుకి అవతల ఉంది. దానికి ముందు కాలువ. కాలువ మీద ఒక బండ. ఆ బండ ఊగుతుంది, ఇంట్లో అందరికీ తెలుసు. దాటి అటు కాలు పెట్టాలంటే పట్టుకోడానికి ఏమీ లేదు. లైటు లేదు. అమ్మకి కుడి కంట్లో శుక్లం ముదిరింది. బీపీ మాత్రలు ఉన్నప్పుడు వేసుకునేది, అయిపోతే మానేసేది. ఇవన్నీ విడివిడిగా చూస్తే చిన్న చిన్న విషయాలు. అన్నీ కలిసి ఆ రాత్రి ఆమెను కాలువలో పడేశాయి. తుంటి ఎముక విరిగింది.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఆరోగ్య కార్డు మీద ఆపరేషను చేశారు. ఆ మేలు నేను మర్చిపోను. కార్డు లేకపోతే ఆ ఆపరేషను మా తాహతు కాదు. కానీ డిశ్చార్జి చేసి ఇంటికి పంపించాక ఏంటి? "రోజూ ఎక్సర్‌సైజులు చేయించండి, మెల్లగా నడిపించండి" అన్నారు. ఎవరు చేయించాలి? ఎలా చేయించాలి? దగ్గర్లో ఫిజియోథెరపీ చేసేవాళ్లు లేరు. మా చెల్లెలు ఫోనులో వీడియోలు చూసి చేయించింది. అమ్మ నొప్పికి అరిచేది, చెల్లెలు భయపడి ఆపేసేది. మంచానపడింది. పుండ్లు పడ్డాయి. అక్టోబరు 29న టీవీలో డెబ్బై ఏళ్లు దాటిన అందరికీ ఐదు లక్షల బీమా అని చెబుతుంటే, మంచంలో నుంచే "నాకెన్నేళ్లు రా?" అని అడిగింది. ఆధార్ ప్రకారం అరవై నాలుగు. 2025 ఏప్రిల్‌లో, అంబేడ్కర్ జయంతికి నాలుగు రోజుల ముందు పోయింది.

దినాలయ్యాక ఒక మేస్త్రిని పిలిచి అడిగాను. బండ తీసి గట్టిది వేసి, గోడకి ఒక ఇనప పైపు బిగించి, బల్బు పెట్టడానికి ఎంతవుతుందని. కూలీతో కలిపి మూడు వేల లోపే అన్నాడు.

ఒక నెల పింఛను కన్నా తక్కువ. నేను ఇరవై ఏళ్లుగా స్టేజీల మీద మాట్లాడుతున్నాను. రాజ్యాన్ని ప్రశ్నించాను. ఊగే బండని చూశాను, దాటాను, ఇల్లు కదిలినప్పుడల్లా మర్చిపోయాను. నా తప్పు నాదే. దాన్ని ప్రభుత్వం మీదికి నెట్టను. కానీ నా తప్పు ఒప్పుకున్నంత మాత్రాన ప్రభుత్వం తప్పు రద్దయిపోదు.

రెండు చోట్లే డబ్బు

మిత్రులారా, ముసలోళ్ల కోసం మన ప్రభుత్వాలు పెట్టే డబ్బు ఎటు పోతుందో చూడండి. రెండు పెద్ద కాలువలు కనిపిస్తాయి.

ఒకటి పింఛను. ఇందులో రాష్ట్రాలు ఎంతో కొంత ముందుకెళ్లాయి. కేంద్రం వాటా మాత్రం 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకి నెలకి 200 రూపాయల దగ్గరే దాదాపు ఇరవై ఏళ్లుగా ఆగిపోయింది. 80 దాటితే 500. అది 2011 నాటి అంకె.

రెండోది ఆసుపత్రి మంచం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రలో ఆరోగ్యశ్రీ పరిమితి 25 లక్షలు చేశారు, తెలంగాణలో 10 లక్షలు చేశారు. 2024లో 70 దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఐదు లక్షలన్నారు. అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. కానీ ఆయుష్మాన్ కార్డు పనిచేయాలంటే నువ్వు ఆసుపత్రిలో చేరాలి. చేరకముందు మూడు రోజులు, ఇంటికెళ్లాక పదిహేను రోజుల ఖర్చు అందులో కలుస్తుంది. పదహారో రోజు నుంచి నువ్వెవరో దానికి తెలియదు.

ఈ రెండు కాలువలకి మధ్యలో ఒక పెద్ద బీడు ఉంది. మనిషి పడిపోకుండా చూడటం. బీపీ పెరగకుండా చూడటం. కంట్లో పొర ముదరకముందే తీయించడం. కండ కరిగిపోకుండా గుడ్డో పప్పో పెట్టడం. మంచానపడిన మనిషిని మళ్లీ లేపి నడిపించడం. అంటే జబ్బు రాకముందు, వచ్చి తగ్గాక చేసే పనులు. ప్రపంచంలో ప్రమాదవశాత్తు పోయే ప్రాణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత పడిపోవడం వల్ల పోయేవే ఎక్కువని, అందులోనూ 60 దాటినవాళ్లే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన పల్లెలో దాన్ని జబ్బుగా కూడా లెక్కేయరు. "ముసలిది, పడింది, పోయింది" అంటారు. అక్కడితో కథ అయిపోతుంది.

కాగితం మీద లేదా అంటే, ఉంది. 2010-11లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం అని మొదలుపెట్టారు. దాని ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒకరోజు ముసలోళ్లకి ప్రత్యేకంగా క్లినిక్ నడపాలి. సామాజిక ఆరోగ్య కేంద్రంలో వారానికి రెండు రోజులు. జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు, ఫిజియోథెరపీ. సబ్ సెంటర్ ఆరోగ్య కార్యకర్త మంచానపడినవాళ్ల ఇంటికి వెళ్లి చూడాలి, ఇంట్లోవాళ్లకి ఎలా చూసుకోవాలో నేర్పాలి, అవసరమైతే ఊతకర్రలూ అవీ ఇప్పించాలి.

ఆ చివరి వాక్యం మళ్లీ చదవండి. మా చెల్లెలు ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న పనిని నేర్పించడానికి ఒక కార్యక్రమం ఉంది. అమ్మ పడేనాటికి దానికి పద్నాలుగేళ్లు. అమ్మ మంచంలో ఉన్న ఎనిమిది నెలల్లో ఆ పని మీద మా గడప ఎవరూ తొక్కలేదు. ఏఎన్ఎమ్ అమ్మాయిని తప్పుపట్టను. ఆమె చేతిలో గర్భిణుల రిజిస్టరు, టీకాల రిజిస్టరు, సర్వేలు, యాప్‌లు ఉన్నాయి. ముసలోళ్ల కోసం విడిగా మనిషీ లేదు, గంటా లేదు, రూపాయీ లేదు. రూపాయి లేని కార్యక్రమం ఉత్త కాగితమే.

2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా ఆరోగ్యానికి పెట్టే డబ్బులో మూడింట రెండు వంతులు, ఆపైన ప్రాథమిక వైద్యానికే పెట్టాలంది. మూడింట రెండు వంతులు! మీ మండలంలో పీహెచ్‌సీని చూడండి, పట్నంలో కార్డు మీద ఆపరేషన్లు చేసే ఆసుపత్రి బిల్డింగులను చూడండి. డబ్బు ఎటు పారుతుందో కళ్లకే తెలుస్తుంది. ఆపరేషను చేస్తే ఆసుపత్రికి ప్యాకేజీ వస్తుంది. ఆపరేషను అవసరం రాకుండా ఆపితే ఎవరికీ ఏమీ రాదు. అందుకే ఆ పని అడిగేవాడు లేడు.

రామాలయం అరుగు మీద ఆరోగ్యం

అసలు ముసలోళ్ల ఆరోగ్యం మీద శిబిరాలు జరగవా అంటే, అప్పుడప్పుడు జరుగుతాయి. అమ్మ పడకముందు ఏడాది మా పక్క ఊళ్లో ఒకటి జరిగింది. నేనూ వెళ్లాను. ఎక్కడ పెట్టారో తెలుసా? రామాలయం ముందు అరుగు మీద. అరుగు మీద కుర్చీలు, ఫ్యాను, మైకు. మన పల్లె ముసలోళ్లు వచ్చారు. ఎవరూ పొమ్మనలేదు. ఎవరూ రమ్మని కూడా అనలేదు. వాళ్లంతట వాళ్లే వేపచెట్టు కింద నిలబడ్డారు. డెబ్బై ఏళ్ల అలవాటు. ఆ అరుగు ఎక్కాలా వద్దా అన్నది వాళ్ల కాళ్లకే తెలుసు. బీపీ మిషను అరుగు మీద ఉంది.

పట్నం నుంచి వచ్చిన ఆయన మంచివాడే. మైకులో చెప్పాడు. పొద్దున్నే అరగంట నడవండి, అన్నం తగ్గించండి, ఉప్పు తగ్గించండి, పండ్లు తినండి, దిగులు పెట్టుకోకండి.

చెట్టు కింద నుంచి మా మేనత్త వరస ఒకామె గట్టిగానే అంది: "నడిచే వచ్చాం సామీ. రెండు మైళ్లు. అన్నం తగ్గించమంటే ఎంత తగ్గించాలి? రాత్రిపూట మానేశాగా!"

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నాకు మాత్రం ఆ నవ్వు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆరోగ్యం గురించి మనకి చెప్పే మాటలన్నీ కుర్చీలో కూర్చుని పనిచేసిన ఒంటి కోసం తయారైన మాటలు. తిండి ఎక్కువై, కదలిక తక్కువైన మనిషికి అవి మందు. మా అమ్మ ఒళ్లు అది కాదు. ఆమె జీవితమంతా నడిచింది. ఆమెకి కావాల్సింది ఇంకో అరగంట నడక కాదు. అరిగిన కీలుకి విశ్రాంతి, ఒక గుడ్డు, కంటి ఆపరేషను, పట్టుకోడానికి ఒక పైపు. పట్నంలో కాలనీ పార్కుల్లో ప్రభుత్వ డబ్బుతో వాకింగ్ ట్రాకులు వేస్తారు, ఇనప జిమ్ములు పెడతారు. వేయండి, కాదనను. అది కూడా ఆరోగ్యం మీద పెట్టే ఖర్చే. కానీ అదే లెక్కన మా సందులో కాలువ మీద బండ కూడా ఆరోగ్యం మీద పెట్టే ఖర్చే కదా? దాన్ని ఆ పద్దులో ఎందుకు రాయరు?

డెబ్బై ఏళ్ల గీత

ఇప్పుడు వయసు సంగతి. ప్రభుత్వం ఎక్కడ గీత గీసినా, 60 అన్నా, 70 అన్నా, ఆ గీత దాకా ఎవరు చేరతారన్నది అసలు ప్రశ్న.

ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదికలో ఒక అంకె ఉంది. మన దేశంలో దళిత స్త్రీలు చనిపోయేనాటి సగటు వయసు పై కులాల స్త్రీల కంటే 14.6 ఏళ్లు తక్కువ. 2022లో తొమ్మిది రాష్ట్రాల లెక్కలతో వచ్చిన ఇంకో అధ్యయనంలో పై కులాల హిందువుల కంటే దళితుల ఆయుర్దాయం మూడేళ్లకి పైగా తక్కువని, ఆదివాసీలది నాలుగేళ్లకి పైగా తక్కువని తేలింది. ఆస్తిపాస్తుల తేడా పక్కనపెట్టి చూసినా ఆ దూరం పూర్తిగా పోలేదు. అంటే ఇది పేదరికం ఒక్కటే కాదు.

బాబాసాహెబ్‌నే తీసుకోండి. ఏళ్ల తరబడి మధుమేహంతో బాధపడి 1956 డిసెంబరు 6న పోయాడు. 65 ఏళ్లు. మనలో అంత చదివినవాడు, కేంద్ర మంత్రిగా చేసినవాడు కూడా ఈనాటి డెబ్బై ఏళ్ల గీత దాటలేదు. ఇక పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసిన మనిషి మాటేంటి? పాకీ పని చేసిన మనిషి మాటేంటి? ఇటుక బట్టీలో, రాళ్ల క్వారీలో పనిచేసిన మనిషి మాటేంటి?

అందరికీ ఒకే వయసు పెట్టడం సమానత్వంలా కనిపిస్తుంది. ముందే అరిగిపోయే ఒంటికి అది సమానత్వం కాదు. ఇదేం కొత్త వాదన కూడా కాదు. ఆంధ్రలో ఆదివాసీలకి పింఛను 50 ఏళ్లకే ఇస్తున్నారు. చేనేత కార్మికులకి 50కే ఇస్తున్నారు. బతుకు ఒంటిని ముందే ముసలిది చేస్తుందని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే కదా? ఆ ఒప్పుకున్న మాటనే ఆరోగ్యం దగ్గర కూడా అమలు చేయమంటున్నాం.

డబ్బులెక్కడివి అంటారు

రెండు ప్రశ్నలు వస్తాయని తెలుసు. ముందే చెబుతాను.

"తల్లిదండ్రుల్ని పిల్లలు చూసుకోవాలి కానీ అన్నీ ప్రభుత్వమేనా?" చూసుకోవాలి. చూసుకోకపోతే అడగడానికి 2007 నుంచి చట్టం కూడా ఉంది. కానీ మన పల్లె పిల్లలు ఎక్కడున్నారు? బెంగళూరులో బిల్డింగు పనుల్లో, హైదరాబాదులో అపార్టుమెంట్ల గేటు దగ్గర. అక్కడ ఇంకొకరి తల్లిదండ్రులకి గేటు తీస్తూ, లిఫ్టు నొక్కుతూ, చక్రాల కుర్చీ తోస్తూ ఉన్నారు. రిటైరైన ఉద్యోగికి ప్రభుత్వ హెల్త్ కార్డు ఇస్తే "ఆయన కొడుకు చూసుకోడా" అని ఎవరూ అడగరు. జీవితమంతా ఈ రాష్ట్రానికి అన్నం పండించిన కూలి మనిషి దగ్గరికి వచ్చేసరికి కొడుకు గుర్తొస్తాడు.

"డబ్బులెక్కడివి?" ఇప్పటికే ఖర్చు పెడుతున్న డబ్బే. తుంటి విరిగాక ఆసుపత్రికి కట్టిన ప్యాకేజీ డబ్బుతో మా పల్లెలో ఎన్ని కాలువలకి బండలు వేయొచ్చో మేస్త్రిని అడిగితే చెబుతాడు. ఇంకొకటి, ఉప ప్రణాళిక. కొట్లాడి 2013లో చట్టం తెచ్చుకున్నాం. పదేళ్ల గడువు అయిపోతుంటే 2023లో ఇంకో పదేళ్లు పొడిగించారు. కానీ అందరికీ ఇచ్చే పింఛన్లలో మన వాటాని తీసి ఎస్సీల కోసం చేసిన ఖర్చుగా లెక్క రాస్తున్నారు. అందరికీ వచ్చేది మాకూ వస్తే అది మా ప్రత్యేక నిధి ఎట్లా అవుతుంది? ఆ నిధి ఉన్నది ఊరికీ పల్లెకీ మధ్య ఉన్న దూరం పూడ్చడానికి. మన ముసలోళ్ల ఒళ్లలో ఉన్నది ఆ దూరమే.

చేయాలనుకుంటే జరుగుతుందనడానికి మన చుట్టూనే గుర్తులున్నాయి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టి ఊరూరా కళ్లు పరీక్షించి అద్దాలిచ్చారు. తమిళనాడులో 2021 ఆగస్టు నుంచి ఇంటికే వచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలిస్తున్నారు. మంచానపడినవాళ్ల దగ్గరికి ఫిజియోథెరపీ చేసేవాళ్లు కూడా వస్తారు. ముసలోళ్లకి చేతికర్రలు, వినికిడి మిషన్లు, పళ్ల సెట్లు, చక్రాల కుర్చీలు ఇచ్చే కేంద్రం పథకం వయోశ్రీని 2017లో దేశం మొత్తానికి ప్రారంభించింది ఎక్కడో కాదు, మన నెల్లూరులోనే. మాకు పక్క జిల్లా! మా పల్లెలో ఆ పేరు ఎంతమందికి తెలుసో అడిగాను. ఒక్కరికీ తెలియదు.

అడగాల్సినవి

అందుకే స్పష్టంగా అడుగుదాం.

ఒకటి. ప్రతి నెలా ఒకటో తేదీన ప్రభుత్వం ప్రతి ముసలి మనిషి గడప దాకా పేరు పెట్టి పిలుస్తూ వస్తోంది. ఇంత పెద్ద ఏర్పాటు ఏ దేశంలోనైనా గొప్పే. అదే వారంలో అదే జాబితా పట్టుకుని, అదే గడపలకి ఒక ఆరోగ్య కార్యకర్త బీపీ మిషనుతో రావాలి. బీపీ, షుగరు, బరువు, కళ్లు చూడాలి. "పోయిన నెలలో ఎక్కడైనా పడ్డావా అమ్మా?" అని ఒక్క ప్రశ్న అడగాలి. పడ్డానంటే ఎక్కడ పడిందో వెళ్లి చూడాలి.

రెండు. వారానికి ఒకరోజు వృద్ధుల క్లినిక్ పల్లెలోనే పెట్టాలి. కమ్యూనిటీ హాలు ఉంటుంది, చర్చి ఉంటుంది, అంబేడ్కర్ విగ్రహం పక్కన నీడ ఉంటుంది. ఎక్కడైనా సరే, ఏ అరుగూ ఎక్కాల్సిన పనిలేని చోట.

మూడు. కూలి పని చేసి బతికినవాళ్లకి ఈ సేవలన్నీ 50 ఏళ్ల నుంచే మొదలవ్వాలి.

నాలుగు. పల్లె ఇళ్లలో బండ, పైపు, మెట్టు, లైటు లాంటి చిన్న మరమ్మతులకి ఉప ప్రణాళిక నుంచి విడిగా నిధి పెట్టాలి. దాన్ని ఆరోగ్య పద్దులోనే చూపించాలి.

ఐదు. అంగన్‌వాడీలో తల్లులకి, పిల్లలకి గుడ్డు పెడుతున్నారు. ఒంటరిగా ఉన్న ముసలోళ్లకి కూడా అక్కడే ఒక పూట భోజనం, ఒక గుడ్డు పెట్టాలి.

ఆరు. ఈ పనికి పల్లె ఆడపిల్లల్నే తీసుకోవాలి. నర్సింగ్ చదివి ఖాళీగా ఉన్నవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు? గౌరవ వేతనం అని చెయ్యి విదిలించడం కాదు, జీతం ఇవ్వాలి.

ఇవేవీ చంద్రుణ్ణి తెమ్మనడం కాదు. రాజ్యాంగం 41వ అధికరణం ముసలితనంలో, జబ్బులో ప్రజలకి సాయపడమని రాజ్యానికి చెబుతోంది. 47వది పోషకాహారం, ప్రజారోగ్యం మెరుగుపరచడం ప్రాథమిక బాధ్యత అంటోంది.

మన వైపు మాట

చివరగా, మన ఉద్యమం వైపు ఒక మాట. కోపం తెచ్చుకోకండి. మనం భూమి అడిగాం, ఉద్యోగాలు అడిగాం, రిజర్వేషన్లు అడిగాం, వర్గీకరణ అడిగాం. అన్నీ న్యాయమైనవే. కానీ మన మీటింగులకి ముందు వరసలో వచ్చి కూర్చుని, చివరిదాకా కదలకుండా ఉండి, చప్పట్లు కొట్టి, రాత్రి ఆటోలో వేలాడుతూ ఇంటికి వెళ్లే ముసలమ్మల మోకాళ్ల గురించి ఒక్క తీర్మానమైనా చేశామా? నేను చేయలేదు. నా పాత కరపత్రాలన్నీ తిరగేసి చూసుకున్నాను. "వృద్ధులకు పింఛను పెంచాలి" అన్న వాక్యం దాటి ఎక్కడా ఏమీ లేదు. మనం కూడా వాళ్లని చేతికి డబ్బిచ్చి పంపించేయాల్సినవాళ్లుగానే చూశాం.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. మీ పీహెచ్‌సీకి వెళ్లి ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "ఇక్కడ వృద్ధుల క్లినిక్ వారంలో ఏ రోజు?" రోజు చెబితే ఆ రోజు మన ముసలోళ్లని తీసుకెళ్లండి. తెలియదంటే సమాచార హక్కు కింద రాసి అడగండి, ఈ ఏడాది దానికి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని. ముసలోళ్లకి ఏ ఇబ్బంది వచ్చినా 14567 హెల్ప్‌లైన్ ఉందని పల్లెలో గోడ మీద రాయించండి. జవాబులు కామెంట్లలో పెట్టండి. అన్నీ కలిపి కలెక్టరు గారికి ఇద్దాం.

అన్నిటికన్నా ముందు, ఇది చదవడం అయ్యాక లేచి మీ ఇంటి ముందు కాలువ మీద బండ ఊగుతుందేమో కాలు పెట్టి చూడండి.

మా ఇంటి ముందు బండ మార్పించాను. పైపు బిగించాను. బల్బు రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. పక్కింటి పెద్దమ్మ ఆ పైపు పట్టుకుని దాటుతూ, "మీయమ్మ ఉన్నప్పుడే ఇది పెట్టుంటే బాగుండేది నాయనా" అంటుంది. రోజూ అంటుంది. నేనూ రోజూ వింటాను.

తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు ఇది.

వచ్చే భాగంలో ఉప ప్రణాళిక లెక్కలు పద్దుల వారీగా చూద్దాం.

జై భీమ్.